హైమవతి గారు వేసిన అతుకు

చయనులు మాస్టారు కూర్చున్న చోట నుంచి జవాబు చెప్పేవారు కారు. పాలిటెక్నిక్‌లో ఉద్యోగ విరమణ చేశాక గాజువాకలో ఒక షెడ్డు తీసుకుని, పాత వాహనాలను పరీక్షించే విద్య మాలాంటి కొందరికి నేర్పేవారు. ఎవరైనా ఏదైనా అడిగితే చేతులు తుడుచుకుని, "పద, చూసొద్దాం" అనేవారు. వెళ్ళిన చోట జవాబు దొరికితే దొరికినట్టు. దొరక్కపోతే ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తేవారు కారు.

మా అందరిలోకీ చురుకైనవాడు తారకేశ్. ఇంజను చప్పుడు విని లోపల ఏ భాగం అరిగిందో చెప్పగలిగేవాడు. అలాంటివాడు కూడా ఒకసారి, అమ్మేవాడి తియ్యటి మాటలు విని, ఒక విదేశీ కారు బాగుందని పూచీ ఇచ్చాడు. అది రెండు కార్ల ముక్కలు కలిపి తయారుచేసిన బండి అని, ఆనందపురం దాటాక ముందు చక్రం విరిగి పక్కకి పడిపోయినప్పుడు గాని ఎవరికీ తెలియలేదు. ఆ బండి కొన్నాయన ప్రాణాలతో బయటపడ్డాడు, కాని ఇప్పటికీ కర్ర సాయంతోనే నడుస్తాడు. ఆయన్ని ఆసుపత్రిలో చూసి వచ్చిన రోజు నుంచి తారకేశ్ అమ్మేవాళ్ళ మాట ఒక్కటి కూడా చెవిన వేసుకోవడం మానేశాడు. పరికరం చెప్పిందే నిజం, మనిషి చెప్పేదంతా బేరం అనేవాడు. అతన్ని తప్పుపట్టడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.

ఆ తారకేశే ఒక ఉదయం అడిగాడు. "మాస్టారూ, వాడిన విదేశీ స్పోర్ట్స్ కారు కొనాలంటే అన్నిటికన్నా ముందు ఏం చూడాలి?"

ఈసారి కొనేది తన కోసం. లాసన్స్ బే కాలనీలో ఒకావిడ దగ్గర జపాన్‌లో తయారైన ముదురు నీలం రంగు రెండు సీట్ల కారు ఉంది. హైస్కూలు రోజుల్లో ఆ కారు బొమ్మను గోడకి అంటించుకుని పడుకున్నవాడు తారకేశ్. దేశంలో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మాస్టారు చేతులు తుడుచుకున్నారు. నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను.

ఆవిడ పేరు హైమవతి గారు. సింగపూర్‌లో ఓడల మరమ్మతు కార్ఖానాలో వెల్డింగ్ ఇంజనీరుగా చాలా ఏళ్ళు పనిచేసి, తిరిగి వచ్చేటప్పుడు సామానుతో పాటు ఆ కారునీ ఓడలో తెచ్చుకున్నారు. తెల్లటి పొట్టి జుట్టు, నిటారుగా నిలబడే మనిషి. ఎందుకు అమ్ముతున్నారని మాస్టారు అడిగితే, "మోకాళ్ళండీ. అందులో కూర్చోనిస్తాయి, లేవనివ్వవు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆవిడ గొంతులో దిగులు లేదు.

కారు ముందుకి వచ్చి ఆవిడ ఏదో చెప్పబోయారు. తారకేశ్ చెయ్యి అడ్డం పెట్టి, "వద్దండీ, నేనే చూసుకుంటాను" అన్నాడు. ఆవిడ ఆగిపోయి, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, కారు వంక కాక అతని వంకే చూస్తూ కూర్చున్నారు.

అతని పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. కొనేవాళ్ళు వచ్చేలోపే ఇంజను వేడిచేసి ఉంచితే చల్లటి ఇంజను స్టార్టవడానికి చేసే మొరాయింపు కనపడదు. ఇక్కడ ఆ పని జరగలేదు. కస్టమ్స్ కాగితాల్లో ఉన్న చాసిస్ నంబరునీ, ఇనుము మీద చెక్కిన నంబరునీ పక్కపక్కన పెట్టి చదివాడు. ఆయిల్ పోసే మూత విప్పి లోపల తెల్లటి వెన్నలాంటి జిడ్డు పేరుకుందేమో చూశాడు. పేరుకుంటే ఇంజను ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నట్టు. కాళ్ళ కింది కార్పెట్ ఎత్తి వాసన చూశాడు. సముద్రపు గాలికి ఇలాంటి బండ్లు పైకి మెరుస్తూనే లోపల తుప్పుపడతాయి. అంతా శుభ్రంగా ఉంది. ఒక్కొక్కటీ దాటుతున్నకొద్దీ అతని మొహం వెలగాల్సింది పోయి ఇంకా బిగుసుకుంది. చివరికి రంగు మందం కొలిచే పరికరం తీసి బండి పొడుగునా ఆనించుకుంటూ వచ్చాడు. ఎడమవైపు ముందు భాగంలో అంకె మారింది, అంటే అక్కడ మళ్ళీ రంగు వేశారు. చాప పరుచుకుని కిందికి దూరాడు.

లేచి, చాప దులపకుండానే ఆవిడ వైపు తిరిగాడు. "ఇది గుద్దుకున్న బండి. చాసిస్ కోసి అతికారు. ఎందుకు దాచారు?"

హైమవతి గారు కుర్చీలోంచి కదలలేదు. "దాచానా? నేను చెప్పబోయిన మొదటి మాట అదే బాబూ. వద్దన్నావు."

ఆవిడ లోపలికి వెళ్ళి చేతిలైటు తెచ్చి అతనికి ఇచ్చారు. "సరిగ్గా చూసిరా. చూశాక మాట్లాడదాం. ఆ అతుకు నేను వేసింది."

మళ్ళీ కిందికి దూరాడు. ఈసారి చాలాసేపు ఉన్నాడు. ఆ లోపు ఆవిడ మాస్టారికి జరిగింది చెప్పారు. అరకు నుంచి దిగుతుండగా ఒక మలుపులో, జీపుని దాటబోయిన మోటారుసైకిలు ఎదురుగా వచ్చేసింది. దాని మీద భార్యాభర్తలు, మధ్యలో పసిపిల్ల. ఆవిడ స్టీరింగుని ఎడమకి తిప్పి కారుని కొండరాయికి కొట్టారు. వాళ్ళ ముగ్గురికీ గీత కూడా పడలేదు. ఆవిడకి భుజం ఎముక విరిగింది. కట్టు విప్పాక అందరూ ఆ కారుని పాత ఇనుముకి అమ్మేయమన్నారు. ఆవిడ పెరట్లో రేకుల షెడ్డు వేయించి, వంగిన భాగం కోసి తీసి, తయారీ కొలతలు తెప్పించుకుని, కొత్త ముక్కని స్వయంగా వెల్డింగ్ చేశారు.

"ఆడపిల్లకి ఈ నిప్పుల పనేమిటని మొదటిరోజు కార్ఖానాలో నవ్వారండి," అన్నారు ఆవిడ. "నేను అతికిన ఓడలు ఇంకా సముద్రం మీద తిరుగుతున్నాయి. పైన రంగు వేయించాను, ఎండకీ వానకీ తప్పదు కాబట్టి. కింద మాత్రం రంగు వేయలేదు. తుప్పు పట్టకుండా నూనె రాస్తాను, అంతే. చూడదలచుకున్నవాడికి కనపడాలి."

తారకేశ్ బయటికి వచ్చాడు. చేతిలైటు ఆర్పకుండా అలాగే పట్టుకుని ఉన్నాడు. "అతుకు ఎక్కడ మొదలైందో తెలుస్తోంది. ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకున్నారో తెలియట్లేదు," అన్నాడు. "ఇలాంటి అతుకు నేను వేయలేనండి." లైటు ఆర్పి ఆవిడకి తిరిగిచ్చి, "మీ మాట వినాల్సింది. తప్పయింది," అన్నాడు.

"నడిపి చూడు," అన్నారు ఆవిడ, తాళం చేతిలో పెట్టి.

ఇద్దరూ బీచి రోడ్డు మీద భీమిలి వైపు వెళ్ళారు. మాస్టారూ నేనూ గుమ్మం దగ్గరే ఉండిపోయాం. తిరిగి వచ్చినప్పుడు తారకేశ్ మొహం చూస్తే నేను అడగాల్సిన పనే లేకపోయింది. తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే బండి గీత గీసినట్టు వెళ్ళిందట. గట్టిగా బ్రేకు నొక్కినా ఏ పక్కకీ లాగలేదట. అతను కారు చుట్టూ తిరిగి వచ్చి, చెయ్యి అందించి ఆవిడని సీట్లోంచి లేపాడు. "నేను తీసుకుంటానండి," అన్నాడు.

"నేనింకా ఇస్తాననలేదు," అన్నారు హైమవతి గారు.

మేం ముగ్గురం ఆవిడ వైపు చూశాం. ఆవిడ కారు మీద చెయ్యి వేసి, తీరిగ్గా అడిగారు. "ఘాట్ రోడ్డు. మలుపు తిరగ్గానే ఎదురుగా మోటారుసైకిలు. దాని మీద పసిపిల్ల. పక్కన కొండరాయి. చేతిలో ఈ కారు. ఏం చేస్తావు?"

ఈ కారంటే తారకేశ్‌కి ఎంత ప్రాణమో నాకు తెలుసు. ఒక్క మాట, ఆవిడ వినాలనుకునే మాట అంటే చాలు, తాళం అతనిదే. అతను చేతిలోని తాళం వైపు చూసుకున్నాడు.

"తెలియదండి," అన్నాడు చివరికి. "రాయికి కొట్టాలనే అనుకుంటాను. కాని ఆ క్షణంలో నా చేతులు ఎటు తిరుగుతాయో ఇక్కడ నిలబడి చెప్పలేను. చెబితే అబద్ధమవుతుంది."

ఆవిడ చీర కొంగుతో కారు అద్దం మీద మరక తుడిచారు.

"నీకంటే ముందు ఈ బండి కోసం చాలామంది వచ్చారు," అన్నారు తర్వాత. "రెప్పైనా ఆర్పకుండా రాయికే కొడతామన్నారు అందరూ. ఒక్కరికీ ఇవ్వలేదు." తాళం ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆవిడ అతని వేళ్ళు మూసి, "ఆ అతుకు మీద రంగు వేయించకు. ఎప్పుడైనా నువ్వూ అమ్మాల్సి వస్తే మొదట అదే చూపించు. ఎవరు వేశారంటే నా పేరు చెప్పు," అన్నారు.

"మీ పేరు చెప్పుకోవడం నాకూ గొప్పేనండి," అన్నాడు తారకేశ్. "ఆ పని నాకు నేర్పిస్తారా?"

"షెడ్డు ఇంకా ఉంది. ఆదివారాలు ఖాళీగానే ఉంటాను," అన్నారు ఆవిడ. ఆ ఉదయం ఆవిడ నవ్వగా చూడటం అదే మొదటిసారి.

డబ్బూ కాగితాలూ అయ్యాక, తారకేశ్ మాస్టారిని కొత్త కారులో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను గేటు తెరిచాను. కారు వీధిలోకి రాగానే ఆపి, అద్దం దించి ఉన్న కిటికీలోంచి నాకు వినపడేలానే అడిగాడు. "మాస్టారూ, పొద్దుట నేను అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు. అన్నిటికన్నా ముందు ఏం చూడాలి?"

మాస్టారు వెనక్కి తిరిగి చూశారు. హైమవతి గారు గుమ్మంలో ఇంకా నిటారుగా నిలబడి ఉన్నారు.

"నువ్వు కారు చుట్టూ తిరుగుతున్నంతసేపూ," అన్నారు మాస్టారు, "ఆవిడ ఎటు చూస్తున్నారో చూశావా?"