గోరింక పత్రిక, నక్క నూనె

అనగనగా ఒక టేకు అడవిలో అలివేలు అనే గోరింక ఉండేది. పున్నమి పున్నమికీ టేకాకు మీద ముక్కుతో గీసి 'గిలిగింత' అనే హాస్యపత్రిక తెచ్చేది. దాన్ని అందరికంటే ముందు చదివి, పడీపడీ నవ్వేది తాబేలు తాత. ఆయన నవ్వితేనే అలివేలుకు అన్నం సయించేది.

అదే అడవిలో ఒక నక్క నూనె అమ్మేది. "రాసుకోండి, తెల్లారేసరికి నెమలి తోక మొలుస్తుంది" అని చెట్టుచెట్టుకీ ప్రకటన కట్టింది. పాపం, కుందేళ్ళు నమ్మి రాసుకుని ఉన్న బొచ్చు కూడా ఊడగొట్టుకున్నాయి.

అలివేలు ఊరుకుంటుందా? అచ్చం అలాంటి ప్రకటనే తన పత్రికలో వేసింది. "మా నూనె వాడండి. తోక మొలవకపోతే ఏం? బొచ్చు ఊడుతుంది, దువ్వెన పని తప్పుతుంది." అడవంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నూనె కొనేవాళ్ళే లేకుండా పోయారు.

నక్క బుట్టెడు నేరేడు పళ్ళతో వచ్చింది.

"అలివేలమ్మా, నవ్వించు, వద్దనను. నా నూనె జోలికి మాత్రం రాకు. ఆ తాబేలు నడక ఉందిగా, దాని మీద రాసుకో" అంది.

నేరేడు పళ్ళంటే అలివేలుకు ప్రాణం. సరేనంది. మరుసటి పున్నమికి ఇలా వేసింది: "తాబేలు బండి అద్దెకు ఇవ్వబడును. పెళ్ళికని ఎక్కినవారు బారసాలకు దిగుదురు."

ఎవరూ నవ్వలేదు. తాత తల డిప్పలోకి లాక్కుని అందరూ చేరే వాగు దగ్గరికి రావడమే మానేశాడు. నక్క దగ్గర మళ్ళీ బేరాలు మొదలయ్యాయి.

"సరదాకి రాశాను తాతా" అంది అలివేలు డిప్ప ముందు నిలబడి.

"సరదా ఎవరికమ్మా?" అన్నాడు తాత లోపలి నుంచే.

అలివేలుకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ పైపున్నమికి పత్రికలో ఒకటే ప్రకటన వేసింది.

"గోరింక ముక్కు అమ్మబడినది. వెల, బుట్టెడు పళ్ళు. కొన్నది నక్క. పళ్ళు అరిగినవి, సిగ్గు అరగలేదు. నూనె మాత్రం పాతదే, బొచ్చు జాగ్రత్త."

తాత మెల్లగా తల బయటపెట్టాడు. తన తీరున తాపీగా చదివాడు. చివరి మాటకు వచ్చేసరికి డిప్ప కదిలేలా నవ్వాడు. ఆ నవ్వు విని కుందేళ్ళు నక్క దగ్గరి నుంచి ఇటు పరిగెత్తుకొచ్చాయి. అలివేలుకు ఆ పూట కడుపునిండా అన్నం సయించింది.

నీతి: మోసం మీద నవ్వించు, మెత్తనివాడి మీద కాదు; తప్పు నీదైతే ముందు నిన్ను చూసి నువ్వే నవ్వుకో.