రావులమ్మ తరవాణి కుండ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడు మా కొండకింద అడవిలో రోళ్ళ సంగతేమో గానీ, వాగు మాత్రం నిలువునా ఎండిపోయింది. అయినా ఎవరికీ దిగుల్లేదు. గేదె రావులమ్మ వసారాలో తరవాణి కుండ ఉందిగా! గంజీ, అన్నం మెతుకులూ, నిమ్మాకులూ వేసి పులియబెట్టిన ఆ నీళ్ళు ముంతెడు తాగితే పోయే ప్రాణం లేచొచ్చేది. వాళ్ళమ్మ కాలం నుంచీ ఆ కుండ అడుగు ఎండలేదు.

అంతలో కొండ అవతలున్న రావులమ్మ కూతురు ఈనిందని కబురొచ్చింది. "నాలుగు రోజులు వెళ్ళిరావాలి. కుండ ఎవరు చూస్తారర్రా?" అంది రావులమ్మ.

నక్క ముందుకొచ్చింది. "నేను లేనూ అక్కా? కంటికి రెప్పలా చూసుకుంటా."

దొంగ చేతికి తాళాలివ్వడమేమిటంటారా? నేనూ అదే అంటా. రావులమ్మ వింటేగా!

"పెద్ద పనేం కాదు తమ్ముడూ. పొద్దున్నే నాలుగు ముంతలు తీసి అందరికీ పొయ్యి. తీసినంత గంజి మళ్ళీ పొయ్యి. మూతికి పల్చటి గుడ్డ చాలు. అది బతికున్న వస్తువు, దానికీ ఊపిరాడాలి."

"ఓస్, ఇంతేనా!"

గేదె మలుపు తిరిగిందో లేదో, నక్క కుండని తన గుహలోకి మోసుకుపోయింది. మర్నాడు పొద్దున్నే అడవికోడి పోలమ్మ ఆరుగురు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది.

"మావా, పిల్లలు సొమ్మసిల్లిపోతున్నారు. కాస్త పొయ్యి."

"పులుపు ఇంకా ఎక్కలేదమ్మాయ్. రేపు రా."

"నిన్నటిదాకా ఎక్కిన పులుపు ఇవాళ దిగిపోయిందా?"

"కుండ నీ దగ్గరుందా, నా దగ్గరుందా?"

పోలమ్మ ఏడుపు దిగమింగుకుని వెళ్ళిపోయింది.

నక్క ఎత్తు వేరు. "తియ్యకుండా పోస్తూపోతే నాలుగు రోజుల్లో నిండుతుంది. అప్పుడు ఒక్కణ్ణే కూర్చుని తాగుతా" అనుకుని గంజి మీద గంజి పోసింది. వాసన బయటికి పోతే అందరూ వచ్చిపడతారని మూకుడు బోర్లించి, చుట్టూ బంకమట్టి మెత్తి, పైన బండ పెట్టింది. లోపల కుండ బుసబుసలాడుతుంటే, "నా కోసం ఎంత ఉబలాటమో!" అని మురిసిపోయింది.

నాలుగోరోజు ఆ చప్పుడు విందామని కుండకి చెవి ఆనించింది. ఢామ్! పెంకులు గుహ నిండా, మెతుకులు మీసాల నిండా.

సరిగ్గా అప్పుడే, వసారాలో కుండ కనబడక వెతుక్కుంటూ రావులమ్మ గుహకొచ్చింది.

"అక్కా, ఎలుగుబంటి బద్దలుకొట్టి పోయాడు!"

"తాడిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికన్నాట్ట వెనకటికొకడు. ఎలుగు కొడితే మెతుకులు నీ మీసాలకెందుకున్నాయిరా?" అంటూనే రావులమ్మ కూలబడింది. "మా అమ్మ చేతి కుండ! కొత్తది పులిసేలోపు ఈ ఎండకి పసివాళ్ళేమైపోతారు?" అని భోరుమంది.

"ఏడవకత్తా!" పోలమ్మ ఓ పిడత పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "నువ్వు పోసివెళ్ళిన దాన్లో చిప్పెడు మిగిలింది. మావ లేదు పొమ్మన్నాక భయమేసింది. రోజూ సగం పిల్లలకి తాపి, మిగతా సగంలో గంజి పోస్తూ వచ్చా. చూడు, ఎలా పొంగుతోందో!"

రావులమ్మ వాసన చూసింది. అమ్మ కుండ వాసనే. కళ్ళు తుడుచుకుని, పిడతలోది కొత్త కుండలో పోసి, గంజి కలిపి, నక్క వైపు తిరిగింది.

"రేపట్నించి అందరికీ పోసే పని నీదే. అందరూ తాగాక మిగిలింది నువ్వు తాగు."

ఇంతకంటే మంచి శిక్ష ఉంటుందా అనుకుంది నక్క. పొద్దున్నే కోడిపిల్లలకి పోసింది, కుందేలుకి పోసింది, ముంగిసకి పోసింది. ఎలుగుబంటైతే గుర్రుగా చూస్తూ రెండుసార్లు పోయించుకుంది. చివరికి కుండలో నాలుగు వేళ్ళ లోతు మిగిలింది. నక్క లొట్టలేస్తూ ముంత ముంచబోయింది.

"ఆగు తమ్ముడూ," అంది రావులమ్మ. "అది మిగిలింది కాదు, రేపటికి విత్తనం. గంజి పొయ్యి."

నక్క గుటకలు మింగుతూ గంజి పోసింది.

నీతి: తీసి పోసే కుండ నిండుతుంది, మూతి బిగించిన కుండ పగులుతుంది.