ఎలుగు లచ్చన్న గుట్టు

ఇప్పచెట్ల కొండ కింద లచ్చన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. తేనెపట్టు దింపడంలో అతనికి సాటి లేరు. అదే అతని కొంప ముంచింది. నక్క కిష్టప్ప రాతిగుంటలో ఇప్పపువ్వు పులియబెట్టి, "రా బావా, గొంతు తడుపుకో!" అని పిలిచేవాడు. లచ్చన్న పీకలదాకా తాగి, తూలుతూ చెట్టెక్కేవాడు. తేనెటీగల కుట్లు లచ్చన్నకి, తేనె కిష్టప్పకి.

ఒకరోజు మత్తులో కొమ్మ మీంచి జారి కుందేలు బొరియ మీద పడ్డాడు. బొరియ కూలింది. పిల్లలు వెంట్రుకవాసిలో బతికాయి. తల్లి కుందేలు పల్లెత్తు మాట అనలేదు. పిల్లల్ని కరుచుకుని, అతని వంక చూడకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది అనుకున్నాడు లచ్చన్న.

తాగుడు మానినవాళ్ళు రోజూ సాయంత్రం వాగు ఒడ్డున కూడతారని విని, మర్నాడు వెళ్ళాడు. అడవిపంది పోతవ్వ వాళ్ళకు పెద్ద.

"నాలాంటివాణ్ణి రానిస్తారా అక్కా?"

"అందరం నీలాంటివాళ్ళమే. కూర్చో తమ్ముడూ."

నలభై రోజులు చుక్క ముట్టలేదు. కాళ్ళ వణుకు తగ్గింది. అక్కడికొచ్చే కొండముచ్చు సింగన్న అతని వీపున పేలు ఏరుతూ కబుర్లు చెప్పేవాడు. సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూడటం లచ్చన్నకి కొత్త.

తేనె లేక కిష్టప్ప నాలుక పీకింది. లచ్చన్న నడిచే దారిలో నేరేడుపళ్ళు కుప్పపోసి, అడుగున పులిసిన ఇప్పపువ్వు దాచాడు. నాలుగు పళ్ళు తినేసరికి లచ్చన్నకి వాసన తగిలింది. ఆగాల్సింది. ఆగలేకపోయాడు. కుప్పంతా నాకేసి పడిపోయాడు.

కళ్ళు తెరిస్తే ఎదురుగా నక్క.

"పట్టు దింపుతావా బావా? లేకపోతే వాగు దగ్గరకెళ్ళి నీ సంగతి చెప్పమంటావా? మెడపట్టి గెంటేస్తారు."

లచ్చన్న లేచాడు. చెట్టు వైపు నాలుగడుగులు వేశాడు. కుందేలు వెళ్ళిపోయిన తీరు గుర్తొచ్చింది. చటుక్కున వెనక్కి తిరిగి వాగు వైపు పరుగుతీశాడు.

"అక్కా, ఇవాళ తాగాను," అన్నాడు రొప్పుతూ. జరిగిందంతా చెప్పాడు.

సింగన్న పక్కకు జరిగి చోటిచ్చాడు. "నేను మూడుసార్లు జారాను అన్నా. రేపణ్ణించి ఆ దారిన నేనూ నీతో నడుస్తా."

అంతలో కిష్టప్ప వగరుస్తూ వచ్చాడు. "వినండి! మీ లచ్చన్న ఇవాళ పూటుగా..."

"తాగాడు. పోసింది నువ్వు," అంది పోతవ్వ. "ఇంకేమైనా కొత్త సంగతుందా మరిదీ?"

నక్క తోక ముడిచి వెనక్కి తిరిగాడు. అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది లచ్చన్నే.

నీతి: మనవాళ్ళతో చెప్పేసుకున్న తప్పుతో మనల్ని ఎవడూ బెదిరించలేడు.