పై బోల్టు

పత్తికొండ దగ్గర చిన్నవంకపల్లెలో ప్రహ్లాదరావు అనే రిటైరైన గుమాస్తా ఉండేవాడు. ఫలానా పని నాకు రాదని ఒప్పుకోవడం కంటే నాలుక కోసుకోవడం నయమనుకునే మనిషి. ఎవరింట్లో కుళాయి కారినా, ఫ్యాను ఆగినా, పిలవకముందే పానా పట్టుకుని వచ్చేవాడు. సగం పనులు బాగయ్యేవి. మిగతా సగానికి మాత్రం ఎప్పుడూ ఇంకెవరో కారణం. వస్తువు నాసిరకమనో, ఇంటివాళ్ళకు వాడటం తెలియదనో చెప్పి చేతులు దులుపుకునేవాడు.

ఆ ఊరి మహిళా సంఘానికి ఒక చిన్న ట్రక్కు ఉండేది. చేలలో ఉల్లిగడ్డలు, టమాటాలు ఎక్కించుకుని మార్కెట్టుకు చేర్చేది. దాన్ని ఓబులమ్మ నడిపేది. ఆడమనిషి స్టీరింగు పడితే బండి గుంతలో పడుతుందని మొదట్లో వెక్కిరించని మగవాడు లేడు. ఓబులమ్మ ఎవరికీ బదులు చెప్పలేదు. మూడేళ్ళపాటు బండి మీద గీత పడకుండా నడిపింది. ఆ డ్రైవరు సీటు తప్ప ఆమెకు వేరే బతుకుతెరువు లేదు.

గేరుబాక్సులో నూనె మార్చే సమయం వచ్చింది. ఓబులమ్మ బండిని పత్తికొండ మెకానిక్కు దగ్గరికి తీసుకుపోబోతుంటే ప్రహ్లాదరావు ఆపాడు. ఇంటి ముందు అరగంటలో అయ్యే పనికి ఊరు దాటడమెందుకన్నాడు. తన స్కూటరుకు ఇరవై ఏళ్ళుగా తానే నూనె మార్చుకుంటున్నానని గొప్పలు చెప్పాడు. సంఘం అధ్యక్షురాలు లక్ష్మీకాంతమ్మ సరేనని కొత్త నూనె డబ్బా తెప్పించింది. బండిని ఆయన ఇంటి ముందున్న బండల మీదికి ఎక్కించారు.

అయితే ట్రక్కు గేరుబాక్సు స్కూటరులాంటిది కాదు. దానికి రెండు బోల్టులుంటాయి. కింది బోల్టు విప్పితే పాత నూనె కారిపోతుంది. పక్కన, కాస్త పైన ఉన్న బోల్టు విప్పి, ఆ రంధ్రంలోంచి కొత్త నూనె పోయాలి. పోయినసారి మెకానిక్కు ఆ పని చేస్తుంటే ఓబులమ్మ పక్కనే కూర్చుని చూసింది.

"సారూ, ముందు పై బోల్టు వదులైతాదో లేదో చూడండి. అది వచ్చినాకనే కింది బోల్టు ముట్టుకోవాల," అంది.

"స్టీరింగు తిప్పినంత మాత్రాన మెకానిక్కువి అయిపోతావా? నువ్వు పోయి టీ సంగతి చూడు," అన్నాడు ప్రహ్లాదరావు.

చుట్టూ చేరిన పదిమందీ నవ్వారు. ఓబులమ్మకు ఒళ్ళు మండింది, కానీ పెద్దాయన కదా అని ఊరుకుంది. ఆయన బండి కిందికి దూరాడు. పాత నూనె ఘాటైన వాసనతో బేసిన్లోకి కారింది. ఆ తరువాత చాలాసేపు పానా జారుతున్న చప్పుడు, సుత్తి దెబ్బలు వినిపించాయి. గంట గడిచాక ఆయన చెమటలు కక్కుతూ బయటికొచ్చి, పని అయిపోయిందన్నాడు. మిగిలిన నూనె దాచిపెడతానని డబ్బాను గోనెసంచిలో చుట్టి లోపలికి తీసుకుపోయాడు. ఆడవాళ్ళంతా ఆయన్ని తెగ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలంతా ఆయన నవ్వుతూ పుచ్చుకున్నాడు.

మరునాడు బండి నడుపుతుంటే గేరుబాక్సులోంచి సన్నగా ఏడుపులాంటి మోత వచ్చింది. అంతకుముందు ఎన్నడూ లేని మోత అది. ఓబులమ్మ నేరుగా ప్రహ్లాదరావు ఇంటికి వెళ్ళి చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, కొత్త నూనె సర్దుకునేదాకా అలాగే మోగుతుందని, భయపడకుండా నడుపుకోమని అన్నాడు. కనీసం అప్పుడైనా ఆయన నిజం చెప్పి ఉంటే బండి దక్కేది. చెప్పలేదు.

మూడోరోజు ఉల్లిగడ్డల లోడుతో గుట్ట చడావు ఎక్కుతుండగా మాడువాసన వచ్చింది. గేరుబాక్సు గరగరమని, దడేలుమని బిగుసుకుపోయింది. ఓబులమ్మ ఎలాగో బ్రేకు తొక్కి, హ్యాండుబ్రేకు లాగి, దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టి, బండి వెనక్కి జారకుండా కాపాడింది. సరుకు వేరే బండిలోకి మార్చారు. ట్రక్కును ట్రాక్టరుకు కట్టి ఊళ్ళోకి లాక్కొచ్చారు.

సాయంత్రానికల్లా ప్రహ్లాదరావు టీకొట్టు దగ్గర, బస్టాపు దగ్గర, రేషను షాపు దగ్గర ఒకటే మాట చెప్పుకొచ్చాడు. గేరు వేయడం చేతకాని మనిషి చేతిలో పెడితే బండి ఇలాగే అవుతుందన్నాడు. మూడేళ్ళుగా ఇలాంటి మాట కోసం కాచుకుని ఉన్నవాళ్ళు ఊరంతా దాన్ని మోసుకుతిరిగారు. ఓబులమ్మకు ఆ రాత్రి అన్నం సహించలేదు. బండి పోయినందుకు కాదు, తన పేరు పోయినందుకు.

తెల్లవారి సంఘం బండి దగ్గరే కూడింది. తన మరిది కొడుకు ఖాళీగానే ఉన్నాడని, బండి బాగయ్యాక ఇకనుంచి వాడే నడుపుతాడని లక్ష్మీకాంతమ్మ చెప్పింది. మూడేళ్ళు ఓబులమ్మ తెచ్చిన సరుకు డబ్బుతో ఇళ్ళు గడుపుకున్న ఆడవాళ్ళలో ఒక్కతి కూడా ఇది అన్యాయమని నోరు విప్పలేదు. ప్రహ్లాదరావు కూడా పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు.

"తాళాలు ఈడ పెట్టు ఓబులమ్మా," అంది లక్ష్మీకాంతమ్మ.

"పెడతా అక్కా. ముందు అందరి కండ్ల ముందర ఆ కింది బోల్టు ఇప్పి చూద్దాం."

ప్రహ్లాదరావు చప్పున లేచాడు. తెలియనివాళ్ళు ముట్టుకుంటే ఇంకా పాడవుతుందని అడ్డుపడ్డాడు. ఓబులమ్మ వినిపించుకోలేదు. కొంగు నడుముకు బిగించి, పానా, బేసిను తీసుకుని బండి కిందికి దూరింది. కింది బోల్టు ఊడివచ్చింది. ధారగా పడాల్సిన నూనెకు బదులు నాలుగు చుక్కల మడ్డి, చిటికెడు ఇనుప రజను బేసిన్లో పడ్డాయి. ఆమె లక్ష్మీకాంతమ్మను కూడా వంగి చూడమని పై బోల్టు చూపించింది. దాని అంచులన్నీ అరిగి గుండ్రంగా అయిపోయాయి, చుట్టూ తాజా సుత్తి దెబ్బలున్నాయి. దాని మొదలు చుట్టూ పట్టిన పాత తుప్పు మాత్రం పగలలేదు. ఆ బోల్టు కదలనే లేదు.

ఓబులమ్మ బయటికొచ్చి నిలబడింది.

"ఈ బోల్టు ఇప్పకుండా నూనె యాడ్నుంచి పోస్తివి సారూ?"

ప్రహ్లాదరావు తల వంచుకున్నాడు. పాత నూనె కారిపోయాక పై బోల్టు ఎంతకీ రాలేదని, అందరూ మెచ్చుకోవడానికి కాచుకుని ఉంటే రాలేదని చెప్పడం నామోషీ అనిపించిందని గొణిగాడు.

"రాలేదని ఒక్క మాట చెప్పింటే మెకానిక్కును పిలుచుకుంటాంటిమి. అది చెప్పడానికి నీకు నోరు రాలేదు. నాకు గేరు రాదని ఊరంతా చెప్పడానికి యట్ల వచ్చె?" అంది ఓబులమ్మ.

లక్ష్మీకాంతమ్మ సిగ్గుపడి, ముందు తానే ఓబులమ్మకు క్షమాపణ చెప్పుకుంది. తాళాలు ఆమె చేతిలోనే ఉండాలని సంఘం తీర్మానించింది. ఇక ప్రహ్లాదరావు ఎక్కడెక్కడ ఆమె మీద నింద వేశాడో అక్కడక్కడికి వెళ్ళి, బండిని పాడుచేసింది తానేనని తన నోటితోనే చెప్పాలన్నారు. ఆయన టీకొట్టు దగ్గర చెప్పాడు, బస్టాపు దగ్గర చెప్పాడు, రేషను షాపు దగ్గర చెప్పాడు. ఓబులమ్మ ఆయన పక్కనే నిలబడి మూడుచోట్లా విన్నది.

కాబట్టి, చేతకాని పనిని చేతకాదని చెప్పడంలో ఏ అవమానమూ లేదు. తన తప్పును దాచిపెట్టి, దాని నిందను ఏ పాపమూ ఎరగని మనిషి నెత్తిన రుద్దడమే అసలైన అవమానం.