గంగమ్మ ముట్టని నైవేద్యం

కూర్మాచార్యులుగారు ఏది అడిగినా వెంటనే చెప్పరు. "చూద్దాంలే" అంటారు. ఆ చూద్దాంలేకి విసిగిపోయి వెళ్ళిపోయిన శిష్యులు చాలామందే ఉన్నారు. మిగిలింది నేనూ, జోగారావూ. జోగారావు కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడు. చదువు ఎక్కువ, ఓపిక తక్కువ.

ఒకరోజు పొద్దున్నే ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"గురువుగారూ, పవిత్రమైనదాన్ని ఇంగ్లీషులో హోలీ అంటారు కదా. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో వెతికాను. దాని మూలం మడీ కాదు, శుద్ధీ కాదు. ఏ దెబ్బా తగలకుండా, లోటు లేకుండా, క్షేమంగా ఉండడమట! అంత పెద్ద మాటకి ఇదా అర్థం? పక్కింటివాళ్ళని కుశలం అడిగినట్టుంది."

"చూద్దాంలే. జాలరిపేటలో గంగమ్మ పండగట, రమ్మన్నారు. పదండి," అన్నారు ఆచార్యులుగారు.

మేం వెళ్ళేసరికి గుడిముందు జనం ఉన్నారు గానీ డప్పు లేదు, సందడి లేదు. ముందురోజు వేటకెళ్ళిన పడవలన్నీ తిరిగొచ్చాయి, ఎర్రయ్య పడవ తప్ప. రాత్రి గాలి గట్టిగా వీచిందట. ఎర్రయ్య పెళ్ళాం నూకాలు నీళ్ళ అంచున నిలబడి ఉంది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది, నేనైతే ఆమెవైపు చూడలేకపోయాను.

ఆ పేటలో అమ్మవారి సేవ చేసేది పోలమ్మ అనే ముసలావిడ. వండిన పరమాన్నం మీద మూతపెట్టి గడపమీద కూర్చుంది. వేటకెళ్ళినవాళ్ళందరూ ఒడ్డెక్కందే అక్కడ గంగమ్మకి నైవేద్యం పెట్టరు.

మా జోగారావు పండగని ఉపవాసం పట్టాడు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. పైగా జేబులో పంచాంగం ఒకటి.

"అవ్వా, కాసేపట్లో వర్జ్యం వచ్చేస్తోంది. పడవ సంగతి పడవది, దేవత సంగతి దేవతది. నైవేద్యం పెట్టేస్తే ఓ పనైపోతుంది," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పోలమ్మకి మాత్రం కోపం రాలేదు.

"వర్జ్యమేటి బాబూ? పిల్లలు ఇల్లు సేరకండా ఏ తల్లికి ముద్ద దిగుతాది? నీకాకలేత్తే నువ్వు తినేయి. ఆయమ్మ మాత్రం తినదు."

జోగారావు ముఖం మాడిపోయింది. "మీరైనా చెప్పండి," అన్నాడు గురువుగారితో. ఆయన వెళ్ళి నూకాలుకి కాస్త దూరంలో ఇసకలో కూర్చున్నారు. గత్యంతరం లేక మేమూ కూర్చున్నాం.

జోగారావు కాసేపు గొణిగాడు. తర్వాత సముద్రంకేసి చూడడం మొదలుపెట్టాడు. "అదిగో, ఆ నల్లటిదేమిటి?" అనేవాడు. "అల," అనేవారు పక్కవాళ్ళు. మళ్ళీ లేచి, "అది?" అనేవాడు. ఏదో దుంగ. వర్జ్యం వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. పొద్దు వాలుతుంటే వాడు లేచి నీళ్ళ అంచుకి వెళ్ళి నిలబడ్డాడు.

నూకాలు ఒక్కసారిగా కేక పెట్టింది.

ఇంజను చెడిపోతే టార్పాలిన్ పట్టానే తెరచాప కట్టుకుని వచ్చాడు ఎర్రయ్య. తోడు వెళ్ళిన ఇద్దరూ పడవలోనే ఉన్నారు. మొలలోతు నీళ్ళలోకి దిగి తాడు లాగినవాళ్ళలో పంచె తడిసిన మా జోగారావూ ఉన్నాడు. నూకాలు మొగుణ్ణి ఒడ్డెక్కనివ్వలేదు. "ఎక్కడ తగలడ్డావు, సచ్చినోడా!" అని వీపుమీద దబదబా బాది, అదే వీపుని పట్టుకుని భోరుమంది. హమ్మయ్య! ఆ ఏడుపు వింటే ప్రాణం లేచొచ్చింది.

పోలమ్మ లోపలికెళ్ళి మూత తీసింది.

"అందరూ వొచ్చేసినారే తల్లీ. ఇంక తిను."

డప్పులు మోగాయి. జోగారావు ఒంటినిండా ఇసకతో ఏడుస్తూ, నవ్వుతూ గురువుగారి దగ్గరికి వచ్చాడు.

ఆచార్యులుగారు వాడి భుజంమీది ఇసక దులిపారు.

"పొద్దున నువ్వు చెప్పిన ఆ హోలీ అనే మాట పుట్టిన దేశానికీ చుట్టూ సముద్రమేనట కదరా, జోగారావూ," అన్నారు.