సెలవు చీటీ

రేపు తనిఖీకి అధికారి వస్తున్నారని కబురు అందినప్పటి నుంచీ హైమ టీచరుకి అన్నం సయించలేదు.

నగరం శివారులో, గోడౌన్ల వెనక ఉంది ఆ ఎయిడెడ్ హైస్కూలు. ఏటేటా పిల్లలు తగ్గుతున్నారు. ఈసారి నివేదిక బాగోకపోతే ఎనిమిదో తరగతి సెక్షన్లు రెండూ కలిపేస్తారనీ, ఒక తెలుగు టీచరుకి పని ఉండదనీ స్టాఫ్ రూములో అనుకుంటున్నారు. ఆ ఒక్కరూ తనేనని హైమకు తెలుసు. అందరికన్నా ఆఖరున చేరింది తనే.

ఆమె దిగులంతా వరాలు గురించే. పునాదులు తవ్వే అమ్మానాన్నలతో నాలుగు ఊళ్ళు తిరిగి, వయసును బట్టి ఎనిమిదిలో చేరిన పిల్ల. బడి మానదు. కానీ వాచకం తెరిస్తే ఒక్క వాక్యం ముందుకు సాగదు.

చివరి గంట కొట్టాక హైమ హెడ్మాస్టరు యాకూబ్ మాస్టారి గదికి వెళ్ళింది. ఒకప్పుడు ఇదే బడిలో ఆమెకు లెక్కలు నేర్పింది ఆయనే. ఇప్పటికీ ఆయన ముందు కుర్చీలో కూర్చోదు.

"మాస్టారూ, రేపొక్క రోజు వరాల్ని రావద్దని చెప్పనా?"

"ఎందుకమ్మా?"

"ఆ అధికారి దాన్నే లేపి చదవమన్నారనుకోండి, నా పని అయిపోయినట్టే. దానికీ నలుగురిలో చిన్నతనం కదండీ."

మాస్టారు కాదనలేదు. సొరుగు లాగి తెల్లకాగితం తీశారు. తన కలం మూత విప్పి ఆమె ముందు పెట్టారు.

"సెలవంటే చీటీ ఉండాలి కదా. ఆ పిల్ల రాయలేదాయె. నువ్వే రాసిపెట్టు."

హైమ నిలబడే రాసింది. 'గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి' అన్నంతవరకూ చెయ్యి ఆగలేదు. కారణం దగ్గర ఆగింది. పక్క గదిలో ఆయా బెంచీలు జరుపుతోంది. చివరికి 'జ్వరంగా ఉన్నందున' అని రాసి ఇచ్చింది.

మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చదివారు.

"జ్వరం ఎవరికమ్మా?"

ఆయన కాగితం తిరిగి ఆమెకే అందించారు. దాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుని ఆమె బయటికి వచ్చేసింది. రావద్దని చెప్పడానికి వరాలు ఇంటికి మాత్రం వెళ్ళలేదు.

మర్నాడు వరాలు అందరికన్నా ముందే వచ్చి కూర్చుంది. రెండో పీరియడ్‌లో అధికారి వచ్చారు. నలుగురి చేత చదివించారు. ఆ నలుగురూ గడగడా చదివేశారు. ఐదోసారి ఆయన వేలు వరాలు మీదికి వెళ్ళింది.

వరాలు లేచి మొదటి మాట కూడబలుక్కుంది. రెండో మాట దగ్గర ఆగిపోయింది. పక్క పిల్ల అందించబోతే అధికారి వద్దన్నారు. ఎంతసేపటికీ రెండో మాట రాలేదు.

"ఈ అమ్మాయి రోజూ వస్తుందా?"

"వస్తుందండీ. ఒక్క రోజు కూడా మానలేదు."

"మరి?"

నాలుగు ఊళ్ళ సంగతి హైమ నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"నేను నేర్పలేదండీ."

అధికారి ఆమె వంక ఒకసారి చూసి, ఏదో రాసుకున్నారు.

సాయంత్రం ఆయన వదిలి వెళ్ళిన కాగితం మాస్టారి బల్ల మీద ఉంది. 'ఎనిమిదో తరగతిలో చదవలేని విద్యార్థిని ఉంది. ఉపాధ్యాయురాలు ఒప్పుకున్నారు. మూడు నెలల తర్వాత మళ్ళీ చూడాలి.' హైమ రెండుసార్లు చదువుకుంది.

"సెక్షన్ సంగతి ఏమీ రాయలేదు మాస్టారూ. నేను ఉంటానో లేదో..."

"అది నాకూ తెలీదమ్మా."

ఆయన లేచి కిటికీ రెక్కలు మూశారు.

"ఇక దాచే పని లేదుగా. చదువు చెప్పుకో."