వెళ్ళొస్తానన్న ఎలక్ట్రాన్

మీరు చుట్టాలింటి నుంచి సరిగ్గా ఎప్పుడు బయల్దేరతారు? "వెళ్ళొస్తాం" అన్నప్పుడా, చెప్పుల్లో కాళ్ళు పెట్టినప్పుడా, లేక గేటు పట్టుకుని అసలు కబుర్లన్నీ చెప్పుకుని, ఇక చెప్పడానికేమీ మిగలనప్పుడా? తొందరపడి జవాబు చెప్పకండి. తొందరపడి చెప్పినందుకే సౌదామిని ఆ ఆదివారం అంత అవస్థ పడింది.

సౌదామిని భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. కాంతి తగిలిన పరమాణువులోంచి ఎలక్ట్రాన్ బయటపడడానికి ఎంత ఆలస్యమవుతుందో కాగితం మీద లెక్కకట్టడం ఆమె పని. ఆ ఆలస్యాన్ని అట్టోసెకన్లలో చెబుతారు. సెకనును వందకోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్ళీ వందకోట్ల ముక్కలు చేస్తే మిగిలే నలుసు అది. ఎక్కడో ఒక ప్రయోగశాల వాళ్ళు ఆ ఆలస్యాన్ని కొలిస్తే, సౌదామిని లెక్కకు రెట్టింపు వచ్చింది. ఇంకొకరైతే తమ లెక్క మళ్ళీ చూసుకునేవారు. ఈమె కాలేజీ వాదోపవాదాల్లో అవతలివాళ్ళకు మూడు చెరువుల నీళ్ళు తాగించిన మనిషి. "తప్పు కొలిచినవాళ్ళదే" అని ఘాటుగా ఒక వ్యాసం రాసేసింది. సాయంత్రంలోగా అది పత్రికకు చేరాలి. నిజమైతే పేరొస్తుంది, తప్పయితే ఆ పేరే నలుగురి నోళ్ళలో పడి నానుతుంది. గురువుగారి సంతకం ఒక్కటే తక్కువ.

ఆ గురువు, ఆచార్య పేరిందేవికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ రోజు ఆమె క్వార్టర్స్‌లో మనవరాలి అన్నప్రాసన. ఇల్లంతా చుట్టాలు. సౌదామిని కాగితాలతో తిన్నగా వాళ్ళ మధ్యలోకి వచ్చి నిలబడింది.

"మేడం, నా లెక్కలో తప్పు చూపించండి, లేదా సంతకం పెట్టండి. మూడో దారి లేదు."

"ఉంది. ముందు భోంచెయ్యి," అన్నారు పేరిందేవి.

భోజనాలయ్యాక ఆమె మూలనున్న కుర్చీ వైపు చూపించారు. "అడుగో, మా తమ్ముడు సింహాద్రి. విజయనగరం బస్సెక్కాలి. ఆ కుర్చీలోంచి లేచి గేటు దాటడానికి వాడికి ఎంతసేపు పడుతుందో లెక్కకట్టు. తర్వాత గేటు దగ్గర నిలబడి కొలువు. రెండూ కలిస్తే సంతకం పెడతాను."

సౌదామినికి నవ్వొచ్చింది. హాలు పొడవు చూసింది, గడప ఎత్తు చూసింది, సింహాద్రిగారి పొట్ట చూసింది. "రెండు నిమిషాలు మేడం. మోకాళ్ళ నొప్పులు కూడా కలిపే చెబుతున్నాను," అని ఫోన్లో గడియారం పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. తెరిచిన తలుపులోంచి హాలంతా కనిపిస్తూనే ఉంది.

సింహాద్రి లేచి "వెళ్ళొస్తానక్కా" అన్నాడు. అంతే, హాలు హాలంతా లేచింది. కోడలు గారెలు కట్టివ్వడానికి వంటింట్లోకి పరిగెత్తింది. డబ్బా దొరికింది గానీ మూత వేరే డబ్బాది. పొద్దుట్నుంచీ పక్కనే కూర్చుని నోరు విప్పని ముసలితల్లి, ఇప్పుడు చెయ్యి పట్టుకుని "ఒరే సింహాద్రీ, నీ రెండోదానికి చూసిన సంబంధం ఏమైందిరా?" అంది. పాప ఆయన కళ్ళజోడు లాక్కుంది. అన్నీ వదిలించుకుని గడప దాకా వచ్చాడో లేదో, లోపల ఎవరో హాచ్చిమని తుమ్మారు. మళ్ళీ వెనక్కి. మళ్ళీ అదే కుర్చీ, గ్లాసుడు మంచినీళ్ళు.

ఎట్టకేలకు ఆయన గేటు దగ్గరికొచ్చాడు. ఏ లేవడాన్ని లెక్కలో వేసుకోవాలో సౌదామినికి తోచలేదు. అడ్డంగా నిలబడి అడిగేసింది. "బాబాయిగారూ, మీరు కుర్చీలోంచి నిజంగా లేచిందెప్పుడు?"

సింహాద్రి ముఖం వెలిగిపోయింది. "భలే అడిగావు తల్లీ! అది సరే గానీ, నువ్వెవరమ్మాయివి? ఏ ఊరు మీది? బొబ్బిలా! బొబ్బిలిలో మా తోడల్లుడున్నాడే..." తోడల్లుడి ఉద్యోగం, ఆయన కట్టించిన మేడ, ఆ మేడ కారుతున్న సంగతి అయ్యేసరికి విజయనగరం బస్సు వాళ్ళ ముందునుంచే హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

సౌదామిని లోపలికి దూసుకొచ్చింది. "అన్యాయం మేడం! ఆయన నడక నేను చెప్పినట్టే ఉంది. ఆపింది మీ ఇంట్లోవాళ్ళు!"

"నీ పరమాణువులో ఎవరూ ఉండరా?"

"ఎందుకుండరు? మిగతా ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఒకటి వెళ్ళిపోతుంటే తక్కినవన్నీ కదలకుండా కూర్చున్నట్టు అనుకున్నాను. లెక్క తేలికవుతుందని..." అంటూ హాల్లోని చుట్టాలందరికేసీ చూసింది.

"మరి గేటు దగ్గరో?"

గేటు దగ్గర ఆపిందెవరో ఆమెకు తెలియదా? ఎలక్ట్రాన్‌ను కొలవడానికి దాని మీద ఇంకో కాంతి వేస్తారు. అదీ ఊరికే చూసి వదలదు, పలకరించే పంపుతుంది. ఆ పలకరింపుకు ఆమె లెక్కలో చోటే లేదు.

పేరిందేవి పెన్ను మూత తీసి వ్యాసం మీద చెయ్యి పెట్టారు. "పెట్టమంటావా?"

సౌదామిని చటుక్కున కాగితాలు లాక్కుంది. "వద్దు మేడం! సాయంత్రం గడువు పోతే పోయింది. మొదట్నుంచీ మళ్ళీ కడతాను. ఇప్పుడే వెళ్ళొస్తాను."

ఆ మాట చెవిన పడగానే ముసలమ్మ కుంకుమభరిణె కోసం లేచింది. కోడలు ఇంకో డబ్బాకు మూత వెతకబోయింది. బస్సు తప్పిన సింహాద్రి, తోడల్లుడి మేడ కబురు పూర్తిచేద్దామని ముందుకొచ్చాడు.

పేరిందేవి పెన్ను పైకెత్తి అందర్నీ బతిమాలారు.

"బాబ్బాబు, ఒక్క రెండు నిమిషాలు ఎవరూ కదలకండి. ఈ పిల్ల లెక్కను ఒక్కసారైనా నిజం కానివ్వండి."